బ్యాగులో దొరికిన వేప్: ఇంట్లో పెట్టుకుంటే పేలుతదా, దాని సెల్లు టార్చికి పనికొస్తదా?

అన్నా, మీరు రాసిన దాంట్లో మూడు ప్రశ్నలున్నయి. సెలవులకు మిర్యాలగూడ వచ్చిన పిల్లగాని బ్యాగులో పెన్‌డ్రైవ్ కన్నా కొంచెం లావుగా ఉన్న వేప్ (బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్టు) దొరికింది. చార్జింగ్ పెట్టి చూస్తే పట్టుకోలేనంత వేడైంది, భయమేసి బీరువాలో బట్టల నడుమ దాచిపెట్టిన్రు. అది పేలుతదా అనేది ఒకటి. దేవరకొండలో సెల్‌ఫోన్ రిపేర్ షాపున్న మీ బామ్మర్ది దాంట్ల బ్యాటరీ తీసి టార్చిలైటుకు వేస్తా అంటున్నడు, వేయొచ్చా అనేది రెండోది. ఒకవేళ కాలితే ఏం చేయాలనేది మూడోది.

ముందు బీరువాలోంచి బయటికి తీయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. మూత గట్టిగ పట్టని పాత స్టీలు డబ్బాగానీ మట్టి కుండగానీ తీసుకొని, అడుగున రెండు అంగుళాలు ఎండు ఇసుక పోసి, వేప్ పెట్టి, పైన ఇంకింత ఇసుక కప్పండి. డబ్బాను బయట అరుగు మీద నీడపట్టున పెట్టండి. దగ్గర్లో గ్యాస్ సిలిండరు, బైకు, కట్టెలు, పత్తి ఉండొద్దు. మూత బిగించొద్దు, లోపల గ్యాసు పుడితే పోవడానికి దారి కావాలి. తడిసిన ఫోన్లను బియ్యంలో పెట్టే అలవాటు మనకుంది గానీ, దీన్ని బియ్యం డబ్బాలో పెట్టకండి. అది ఆరబెట్టే పని కాదు. మళ్లీ ఒక్కసారి చార్జింగ్ పెట్టి చూద్దాం అనేది కూడా వద్దు.

వేడి ఎక్కడ పుట్టిందో మీకు గుర్తుంటే కారణం సగం తెలిసినట్టే. ఇట్లాంటి వేప్‌లో మూడే ముఖ్యమైన భాగాలుంటయి. కింద చార్జింగ్ సాకెట్ దగ్గర చిన్న బోర్డు, నడుమ లిథియం సెల్లు (బ్యాటరీ), పైన మూతి దగ్గర నికోటిన్ లిక్విడ్‌ను ఆవిరి చేసే, దూదిలో చుట్టిన తీగ కాయిల్. సాకెట్ దగ్గర మాత్రమే వేడైతే అది చార్జింగ్ చిప్పు వేడి. 5 వోల్టుల్లో సెల్లుకు పోను మిగిలిన వోల్టేజిని ఈ చిప్పు వేడిగానే వదులుతది, కొంత మామూలే. నడుమ వేడైతే సెల్లే పాడైంది. మూతి దగ్గర వేడై, మాడిన దూది వాసన గానీ తియ్యటి ఆవిరి గానీ వస్తే, ఎవరూ పీల్చకుండానే కాయిల్ దానంతటదే వెలుగుతున్నట్టు. బటన్ లేని వేప్‌లో కాయిల్‌ను వెలిగించేది చిన్న మైకు లెక్క ఉండే గాలి సెన్సారు. లిక్విడ్ కారి దాని మీద పడితే, ఎవరో పీలుస్తున్నరనుకొని అది కాయిల్‌కు కరెంటు ఇస్తనే ఉంటది. మంచి చిప్పులు కొన్ని సెకన్లకు కరెంటు ఆపేస్తయి, నాసి వాటి మీద ఆ భరోసా లేదు. జేబులో ఉన్నప్పుడు, బ్యాగులో ఉన్నప్పుడు కూడా ఇది జరగొచ్చు.

సెల్లు వేడి సంగతి మన ఎండలతో కలిపి చూడాలె. లిథియం అయాన్ సెల్లును 0 నుంచి 45 డిగ్రీల మధ్యనే చార్జ్ చేయాలని తయారీదారులు రాస్తరు. నల్లగొండ, మిర్యాలగూడలో మే నెల మధ్యాహ్నం బయటి ఎండే 44, 45 ఉంటది. రేకుల ఇంట్లో చార్జింగ్ పెట్టినమంటే సెల్లు తన సొంత వేడి పుట్టకముందే హద్దు మీద కూర్చున్నట్టు. రోహిణి కార్తెలో ఎండకు నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డులోనైతే 60 కూడా దాటుతది. అందుకే ఎండాకాలం ఫోనైనా, పవర్‌బ్యాంకైనా, టార్చయినా తెల్లవారుజామునో రాత్రి చల్లబడ్డాకో చార్జ్ పెట్టాలె, అది కూడా బండ మీద, పరుపు మీద కాదు. రాత్రి పెడితే పడుకునే ముందే తీసేయాలె.

ఇక పేలుడు. సెల్లు లోపల ప్లస్, మైనస్ రేకుల నడుమ కాగితం కన్నా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటది. చుట్టూ ఉన్న ద్రవం పెట్రోలు లెక్క అంటుకునే రకం. ఏ కారణంతోనైనా సెల్లు 80, 100 డిగ్రీలు దాటితే లోపలి రసాయనాలే సొంతంగా వేడి పుట్టించుడు మొదలుపెడ్తయి. సుమారు 130 దగ్గర ఆ పొర కరుగుతది, రేకులు రెండూ తగులుతయి. అక్కడి నుంచి చార్జర్ పీకినా ఆగదు, ఎందుకంటే మంటకు కావల్సింది సెల్లులోనే ఉంది. ఫోన్ బ్యాటరీ మెత్తటి సంచి లాంటిది, చాలాసార్లు ముందు ఉబ్బి మనకు తెలియజేస్తది. చాలా వేప్‌లలో, ముఖ్యంగా పెద్దవాటిలో, ఉండేది గట్టి ఇనుప గొట్టం సెల్లు. లోపలి ఒత్తిడికి ఎక్కడా సాగదు, కొసన ఉన్న బలహీనమైన చోటు నుంచే తన్నుకొస్తది. దీపావళి తారాజువ్వ ఎట్ల పనిచేస్తదో ఇదీ అట్లనే. అది నోటి దగ్గరో తొడ దగ్గరో జరుగుతదనేదే వేప్‌తో వచ్చిన అసలు తిప్పలు.

ఇది ఎంత తరచుగా జరుగుతది అంటే, అమెరికా అగ్నిమాపక శాఖ 2009 నుంచి 2016 దాకా వార్తల్లో వచ్చినవి లెక్కేస్తే 195 ఘటనలు తేలినయి. లక్షల మంది వాడే వస్తువుకు ఇది పెద్ద సంఖ్య కాదు. కానీ ఎక్కడ జరిగినయో చూడండి: 61 జేబులో ఉన్నప్పుడు, 60 వాడుతున్నప్పుడు, 48 చార్జింగ్‌లో, 18 ఊరికే పెట్టి ఉన్నప్పుడు. చార్జింగ్ తీసేస్తే చాలు, ఇక భయం లేదు అనుకునేటోళ్లు ఈ జేబు లెక్క గుర్తుంచుకోవాలె.

జేబులో పేలేవాటికి ఒక ముఖ్యమైన కారణం విడి సెల్లు. పెద్ద డబ్బా రకం వేప్‌లలో 18650 సెల్లు తీసి మార్చుకునేటట్టు ఉంటది. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు అన్నమాట, పాత లాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండేదే. దీంట్ల చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సెల్లు ఒళ్లంతా మైనస్సే. పైన బొడిపె ఒక్కటే ప్లస్. ఆ రెంటికీ నడుమ ఉన్నది పల్చటి ప్లాస్టిక్ తొడుగు, దాని కింద ఒక కాగితపు రింగు, అంతే. తొడుగు పైఅంచు దగ్గర గోరంత చిరిగితే చాలు, జేబులో తాళంచెవో రూపాయి బిళ్లో బొడిపెనూ అంచునూ కలిపి షార్ట్ చేస్తది. సెకన్లలో పదుల ఆంపుల కరెంటు పారుతది, తాళంచెవే ఎర్రగ కాలుతది. విడి సెల్లు ఎప్పుడూ ప్లాస్టిక్ కేసులోనే ఉండాలె, జేబులో వట్టిగ వేయొద్దు. తొడుగు చిరిగిన సెల్లు టార్చిదైనా సరే, 30 మిల్లీమీటర్ల వెడల్పు, 72 పొడుగు ష్రింక్ ముక్క (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ తొడుగు) తొడిగి, కాగితపు రింగు కొత్తది వేసి, హెయిర్ డ్రయ్యర్‌తో బిగించాలె. లైటర్‌తో కాదు. సెల్లుకు సొట్ట పడి ఉంటే తొడుగు మార్చి లాభం లేదు, తీసి పక్కన పెట్టుడే.

ఇంకో కారణం కాయిల్. లెక్క సులువు: వోల్టును ఓమ్‌తో భాగిస్తే ఆంపు. నిండా చార్జ్ అయిన సెల్లు 4.2 వోల్టులు. 0.5 ఓమ్ కాయిల్ 8.4 ఆంపులు లాగుతది. దట్టమైన పొగ కోసం 0.15 ఓమ్ కాయిల్ చుట్టినోడు 28 ఆంపులు లాగుతడు. లాప్‌టాప్ నుంచి తీసిన సెల్లు ఆగకుండ ఇవ్వగలిగింది చాలావాటిలో 10 ఆంపుల లోపే. చిప్పు లేని, ఉత్త గొట్టం రకం వేప్‌లో దీన్ని ఆపేది ఏదీ ఉండదు. రెండు సెల్లుల డబ్బాలో ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే, పాతది ముందే ఖాళీ అయి, కొత్తది దాన్ని తిరగేసి నెడుతది. అది వేరే ప్రమాదం.

ఇప్పుడు మీ బామ్మర్ది సంగతి. ఆయన ఆలోచనలో తప్పేం లేదు, వాడిపారేసే వేప్‌లలో కూడా ఉండేది తిరిగి చార్జ్ అయ్యే సెల్లే. 13300, 13400 లాంటి అంకెలు, 3.7 వోల్టులు, కొన్ని వందల ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతదో చెప్పే లెక్క) అని దాని మీద రాసి ఉంటది. తేడా కొట్టేది సెల్లు దగ్గర కాదు, టార్చి దగ్గర.

మన దగ్గర పల్లెల్లో, చేన్ల కాడ వాడే చవక చార్జింగ్ టార్చీల్లో చాలావాటికి లోపల ఉండేది 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. ప్లగ్గు నేరుగా 230 వోల్టులకు పెడ్తం. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక పెద్ద కెపాసిటరు, నాలుగు డయోడ్లు, ఒక రెసిస్టరు, ఎర్ర లైటు, ఇంతే బోర్డు. బ్యాటరీ నిండింది, ఇక ఆపాలె అనే తెలివి ఆ బోర్డుకు లేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ 4.8 వోల్టుల దాకా పోయినా నీళ్లు ఇగిరిపోయి చచ్చిపోతది, అంతే. అదే జాగాలో లిథియం సెల్లు అతికిస్తే 4.2 దగ్గర ఆగాల్సింది ఆగదు. 4.3, 4.5 అట్ల పోతనే ఉంటది. లోపల లిథియం లోహం ముళ్ల లెక్క పేరుకొని ఆ పల్చటి పొరను పొడుస్తది. ఒకరోజు రాత్రంతా ప్లగ్గులో ఉంటే చాలు. వారం రోజులు బాగానే పనిచేసింది కదా అని ధీమా పడితే మోసపోతరు, ఎందుకంటే రోజూ గంట పెట్టినన్నాళ్లు అది నిండనే నిండదు. పైగా ఆ బోర్డులో ప్రతి తీగా కరెంటుకు నేరుగా కలిసి ఉంటది, విప్పి ప్లగ్గు పెట్టి సెల్లు ముట్టుకుంటే షాకే.

చేస్తే ఇట్ల చేయాలె. కరెంటు బోర్డును పూర్తిగా పీకేయాలె. టీపీ4056 చార్జింగ్ మాడ్యూల్ (లిథియం సెల్లును చార్జ్ చేసే చిన్న బోర్డు) తీసుకోవాలె, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతది. రెండు రకాలుంటయి. సెల్లుకు రెండు, లోడుకు రెండు, మొత్తం అవుట్‌పుట్ వైపు నాలుగు పాయింట్లున్నదే కావాలె, దాంట్లనే డీడబ్ల్యూ01 రక్షణ చిప్పు ఉంటది. టార్చి ఎల్ఈడీ తీగలు లోడు పాయింట్లకే కలపాలె, నేరుగా సెల్లుకు కలిపితే రక్షణ ఉన్నా లేనట్టే. ఆ తర్వాత అందరూ మరిచిపోయేది ఒకటుంది. ఈ మాడ్యూల్ షాపు నుంచి వచ్చినప్పుడు 1 ఆంపు మీద చార్జ్ చేస్తది, 2000 ఎంఏహెచ్ సెల్లుకు అది సరి. 500 ఎంఏహెచ్ వేప్ సెల్లుకు అది కావల్సిన దానికి నాలుగింతలు. బోర్డు మీద 1.2 కిలోఓమ్ రెసిస్టరు, 122 అని రాసి ఉంటది, దాన్ని తీసి 5 కిలోఓమ్ వేస్తే 250 మిల్లీఆంపులకు దిగుతది, 10 వేస్తే 130కి. సెల్లు కెపాసిటీలో సగం మించొద్దు. సెల్లు మొహం మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టొద్దు, వచ్చిన నికెల్ పట్టీలనే ఉంచుకొని వాటి కొసకు తీగ అతికించాలె.

అంతకుముందు సెల్లు మంచిదో కాదో మీటరుతో చూడాలె. 2.5 వోల్టుల కింద ఉంటే వద్దు. చాలా కిందికి ఖాళీ అయిన సెల్లులో రాగి రేకు కరిగి, మళ్లీ చార్జ్ పెట్టినప్పుడు వేరేచోట పేరుకుంటది, అక్కడి నుంచి షార్ట్ మొదలైతది. "కొంచెం కిక్ ఇస్తే లేస్తది" అని వేరే సెల్లు వోల్టేజి తగిలించి లేపే పద్ధతి షాపుల్లో ఉంది. లేస్తది నిజమే, తర్వాత ఏమైతదో తెలియదు. వోల్టేజి బాగుంటే 4.2 దాకా చార్జ్ చేసి, వారం రోజులు ఊరికే పెట్టి మళ్లీ కొలవాలె. 4.1 కన్నా కిందికి దిగితే అది లోపల తనను తాను తింటున్నట్టు.

ఇంత చెప్పినంక నా మాట: మీ దగ్గరున్న ఆ సెల్లు మాత్రం వద్దు. అది ఇప్పటికే చార్జింగ్‌లో వేడి చూపించింది, వేడి సెల్లుదా బోర్డుదా అని తేల్చేదాంక దాన్ని విప్పుడు కూడా ప్రమాదమే. ప్లాస్టిక్ ఒంటిని స్క్రూడ్రైవర్‌తో పొడిచి తెరిచేటప్పుడే చాలా సెల్లులకు చిల్లు పడుతది. టార్చికి కొత్త సెల్లు కొనుక్కోవడమే నయం. కొనేటప్పుడు బరువు చూడండి, అసలు 18650 సెల్లు 45 గ్రాముల అటు ఇటు తూగుతది. 9900 ఎంఏహెచ్ అని రాసి ఉండి అరచేతిలో తేలికగా ఉంటే ఆ రాత ఉత్తదే, ఈ సైజులో మామూలుగా దొరికే గట్టి సెల్లు 3500 దగ్గరే ఆగుతది. బీఐఎస్ (సర్కారు నాణ్యత సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు.

ఇదే పొరపాటు మందు కొట్టే బ్యాటరీ పంపుల్లో కూడా జరుగుతుంది కాబట్టి ఒక మాట. 12 వోల్టుల లెడ్ యాసిడ్ తీసేసి మూడు లిథియం సెల్లుల ప్యాకు వేయించుకుంటున్నరు, చార్జర్ మాత్రం పాతదే. ఆ చార్జర్ 14.4 దాకా పోతది, ప్యాకు 12.6 దగ్గర ఆగాలె. చార్జర్ కూడా మార్చాల్సిందే.

మూడో ప్రశ్న. సెల్లు పాడైతున్నప్పుడు కొన్నిసార్లు ముందే చెప్తది: ఉబ్బుతది, బుస్‌మని సన్నటి చప్పుడు, గోళ్ల రంగు చెరిపే మందు లాంటి వాసన. అట్ల అనిపిస్తే చేతితో పట్టుకొని పరుగెత్తొద్దు. ప్లగ్గులో ఉంటే గోడ దగ్గర స్విచ్చి లేదా మెయిన్ బంద్ చేసి, పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరవండి. పొడుగు పట్టుకారుతో బయటికి లాగగలిగితే లాగండి, లేకపోతే వదిలేయండి. కరెంటు బంద్ అయినంక బకెట్ల కొద్దీ నీళ్లు పోయొచ్చు. లిథియం మీద నీళ్లు పోయొద్దు అనే మాట లిథియం లోహానికి వర్తిస్తది, ఈ చిన్న సెల్లుకు కావల్సింది చల్లబడుడే. ఇసుక, పౌడర్ మంటను అణుస్తయి గానీ లోపలి వేడి తీయవు, కాసేపటికి మళ్లీ అంటుకోవచ్చు. అందుకే ఆరినంక కూడా ఒక రోజంతా బయటనే ఉంచాలె. పొగ మీదికి వంగి చూడొద్దు, దాంట్ల హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఆవిరి ఉంటది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంట పొగ పై అంతస్తుల లాడ్జిని కమ్మి 8 మంది చనిపోయిన్రు.

ఒళ్లు కాలితే ఆ బట్ట వెంటనే విప్పాలె, చర్మానికి అతుక్కున్న ముక్కను పీకకుండ, దాని చుట్టూ కత్తిరించి వదిలేయాలె. కాలిన చోట పారే నీళ్లు 20 నిమిషాలు, అయిదు నిమిషాలకు ఆపొద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏవీ పూయొద్దు, డాక్టరు తర్వాత గీకాల్సి వస్తది. 108కి ఫోన్ చేసి, డాక్టరుకు "లిథియం బ్యాటరీతో కాలింది" అనే మాట తప్పకుండా చెప్పాలె. ఇది మంట గాయంతో పాటు రసాయన గాయం కూడా, గాయం మీద యాసిడో క్షారమో మిగిలిందా అని కాగితంతో పరీక్ష చేసి మళ్లీ కడుగుతరు. ఒక్క కాలిన గాయమే అనుకొని కట్టు కడితే ఆ రసాయనం కింద చర్మాన్ని తింటనే ఉంటది.

లిక్విడ్ గురించి రెండు ముక్కలు. 5 శాతం అని రాసి ఉంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల నికోటిన్. 10 మిల్లీలీటర్ల వేప్‌లో 500. ఒక సిగరెట్టుతో ఒంట్లోకి చేరేది సుమారు 1 మిల్లీగ్రాము. పళ్ల వాసనకు చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటరు, వాంతులు, చొల్లు, చెమటలు, చివరికి ఫిట్స్ వస్తయి. కక్కించే ప్రయత్నం చేయకుండ దవాఖానకు తీసుకుపోవాలె. చేతికి కారితే సబ్బుతో కడగాలె. మీరు ఇసుకలో పెట్టేటప్పుడు కూడా పాలిథిన్ కవర్ చేతికి తొడుక్కోండి.

బామ్మర్దికి ఇంకో సంగతి చెప్పండి. 2019 చట్టం ప్రకారం మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రచారం, నిల్వ అన్నీ నిషేధం. అమ్మితే మొదటిసారికి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సరుకు నిల్వ పెడితే 6 నెలల దాకా జైలు లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. సెల్లుల కోసమని షాపులో పాత వేప్‌లు పోగేసుకుంటే ఆ మాట పోలీసుల ముందు ఎంత నిలబడుతదో ఆయనే ఆలోచించుకోవాలె. ఇంకో లెక్కల కూడా ఇది ముఖ్యం. అమ్మకమే నిషేధమైన వస్తువుకు బీఐఎస్ గుర్తు రాదు, వారంటీ ఉండదు. డబ్బా మీద ఏం రాసి ఉన్నా లోపల ఏ సెల్లు ఉందో అడగడానికి మనిషి లేడు.

పారేసే పద్ధతి ఇది. ఉప్పు నీళ్లలో వేస్తే సెల్లు ఖాళీ అయితదని వీడియోల్లో చూపిస్తరు. ఉప్పు నీళ్లు ముందు తినేది ప్లస్, మైనస్ మొనలను, లోపల చార్జ్ అట్లనే మిగిలిపోవచ్చు. ఒకరోజు ఇసుకలో ఉంచినంక వేడి లేదు, ఉబ్బు లేదు అని చూసుకొని, చార్జింగ్ సాకెట్‌కూ మూతికీ ప్లాస్టిక్ టేపు అతికించండి. చిన్న డబ్బాలో ఇసుకతోనే పెట్టి, పైన "లిథియం బ్యాటరీ" అని రాయండి. మామూలు చెత్తలో వేస్తే బండిలో నలిగి అక్కడ అంటుకుంటది. మున్సిపాలిటీ పొడి చెత్త సేకరణ కేంద్రంలోగానీ, హైదరాబాద్ పోయేటప్పుడు ఈ-వేస్ట్ తీసుకునేటోళ్ల దగ్గరగానీ చేతికి ఇచ్చి, లోపల ఏముందో నోటితో కూడా చెప్పండి. బస్సులో తీసుకుపోతే డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకోండి, డిక్కీలో సామాన్ల కింద కాదు.